గాలి తీసే ముందు: పాత బండిలో మెత్తబడిన బ్రేక్ పెడల్ గురించి

(నల్లగొండలో డ్రైవర్లు, బండి ఓనర్లు, షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళ ముందు ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చోండి, ఎండలో వచ్చారు.

మొదట ఒక మాట అడుగుతా. బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతోందని ఒక పాత బండి మీ షెడ్డుకు వచ్చింది. ముందు ఏం చేస్తారు? చెప్పండి, పరవాలేదు. "గాలి తీస్తాం." ఇంకెవరన్నా? "గాలి తీస్తాం, ఆయిల్ పోస్తాం." సరే. బ్రేక్ లైనులో చేరిన గాలి బయటికి తీస్తామని దాదాపు అందరూ అంటున్నారు. మన జిల్లాలో ఏ షెడ్డుకు పోయినా ఈ జవాబే వస్తుంది.

మరి నేను ఇంకోటి అడుగుతా. గాలి తీశారు, పెడల్ గట్టిగా అయింది, ఓనర్ డబ్బులిచ్చి పోయాడు. ఆ గాలి ఎక్కడినుంచి వచ్చింది? ఆలోచించండి. బ్రేక్ లైను అంటే మూసేసిన లైను. పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైనులోకి తోసే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా ఎక్కడా సందు ఉండకూడదు. నిన్నటిదాకా లేని గాలి ఇవాళ అందులోకి ఎట్లా పోయింది? ఎవరో ఈ మధ్య లైను విప్పి ఉండాలి, లేదా బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో ఆయిల్ అడుగంటి ఉండాలి, లేదా ఎక్కడో ఒక రబ్బరు పాడై ఉండాలి. ఆ మూడింట్లో ఏదో తెలుసుకోకుండా గాలి ఒక్కటే తీసి పంపితే, నెల తిరక్కముందే అదే బండి మళ్ళీ వస్తుంది. వస్తే అదృష్టం. రాకపోతేనే భయం.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అంతా ఇదే. చక్రం దగ్గర గాలి వదిలే నిప్పల్ మీద పానా పెట్టేముందు, తొక్కిన బలం ఎక్కడ పోతోందో కనిపెట్టాలి. కనిపెట్టడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. మీ కాలు, మీ చెయ్యి, ఒక టార్చిలైటు చాలు.

బ్రేక్ పనిచేసే తీరు మీకు తెలుసు, అయినా ఒక నిమిషం. సూది వేసే సిరంజి తీసుకోండి. నిండా నీళ్ళు నింపి ముందు వేలితో మూసి నొక్కండి, కదలదు. అందులో కాస్త గాలి ఉంచి నొక్కండి, లోపలికి పోతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. మీరు తొక్కిన బలం ద్రవంలో ఒత్తిడిగా చక్రానికి చేరాలి. మధ్యలో గాలి ఉంటే ఆ బలం గాలిని నొక్కడానికే పోతుంది. ద్రవంలో ఒకచోట పెట్టిన ఒత్తిడి అంతటా సమానంగా చేరుతుందని స్కూల్లో పాస్కల్ సూత్రం చదివాం కదా, బ్రేకు పనిచేసేది దాని మీదే.

కానీ, ఇది బాగా వినండి, పెడల్ మెత్తబడ్డ ప్రతిసారీ కారణం గాలి కాదు. "మెత్తగా ఉంది" అనే ఒక్క మాట కింద వేరువేరు జబ్బులున్నాయి. డ్రైవర్ అన్నలూ, మీరు షెడ్డుకు వచ్చినప్పుడు "బ్రేక్ సరిగా లేదు" అని ఊరుకోకండి. మెకానిక్ తమ్ముళ్ళూ, మీరు కూడా అంతటితో వదలకండి. కూర్చోబెట్టి అడగండి. మొదటి తొక్కుడుకే కిందికి పోతోందా? రెండుసార్లు తొక్కితే పైకి వస్తోందా? తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోందా? పొద్దున బాగుండి, ఎండలో తిరిగాక మెత్తబడుతోందా? ఘాట్ దిగేటప్పుడే ఇట్లా అవుతోందా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు పరీక్ష. ఇంజన్ ఆపండి. ముందు ఇంజన్ ఆపే చూడాలి, ఎందుకో చెప్తా. మన తొక్కుడుకు వాక్యూమ్‌తో బలం కలిపే బూస్టర్ ఉన్న బండి అయితే ఇంజన్ నడుస్తున్నప్పుడు బూస్టర్ సాయంతో పెడల్ కొద్దిగా కిందికి పోవడం మామూలే. అది చూసి చాలామంది కంగారుపడతారు. కాబట్టి ఇంజన్ ఆపి, నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఖాళీ చేయండి. ఇప్పుడు పెడల్ గట్టిగా నిలబడాలి. నిలబడ్డదా? కాలు అట్లాగే ఉంచి, మెల్లగా, ఒకే బరువుతో పట్టుకోండి. బలంగా తొక్కకండి. మెల్లగానే పట్టుకోవాలి.

ఎందుకు మెల్లగా? మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ వెనక్కి జారకుండా పట్టే రబ్బరు కప్పులుంటాయి. బలంగా తొక్కితే ఆయిల్ ఒత్తిడికి ఆ కప్పు అంచు విచ్చుకుని గోడకు గట్టిగా అతుక్కుంటుంది. అరిగిన కప్పు కూడా అప్పుడు పట్టుకున్నట్టే కనిపిస్తుంది. మెల్లగా తొక్కినప్పుడే దాని బండారం బయటపడుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆపి మామూలుగా కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా కిందికి జారుతోందని డ్రైవర్లు చెప్తారు చూడండి, అదే ఇది. గట్టిగా తొక్కితే మాత్రం బాగానే ఆగుతోందంటారు. మెకానిక్ ఒకసారి గట్టిగా తొక్కి చూసి "బాగానే ఉంది కదన్నా" అని పంపేస్తాడు. డ్రైవర్ చెప్పింది నిజమే. మెకానిక్ తొక్కిన తీరు తప్పు.

పెడల్ అట్లా జారుతోందంటే రెండే దారులు. ఆయిల్ బయటికి పోతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే కప్పు దాటి వెనక్కి పోతోంది. డబ్బాలో ఆయిల్ తగ్గుతోంది అంటే బయటికి పోతున్నట్టు. ఎన్ని రోజులైనా ఆయిల్ తగ్గడం లేదు, చక్రాలు పొడిగా ఉన్నాయి, పెడల్ మాత్రం జారుతోంది అంటే లోపల లీకు. డబ్బా మూత తీసి, ఒకరిని మెల్లగా తొక్కమని పైనుంచి చూడండి. ముఖం దూరంగా పెట్టండి, బ్రేక్ ఆయిల్ కంట్లో పడితే మంట. తొక్కగానే ఒక్కసారి చిన్నగా చిమ్మడం మామూలే. తొక్కి పట్టుకున్నాక కూడా ఆయిల్ కదులుతూ, లోపలినుంచి పైకి ఊరుతూ ఉంటే కప్పు పోయినట్టే.

ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పాలి. డబ్బాలో ఆయిల్ తగ్గిన ప్రతిసారీ లీకు అనుకోవద్దు. డిస్కు బ్రేకులున్న బండిలో డిస్కును పట్టే ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. డబ్బాలో మట్టం మెల్లగా తగ్గుతుంది. అప్పుడు ఆయిల్ పోయడం కాదు, ప్యాడ్లు చూడాలి. మనవాళ్ళు డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగగానే ఆయిల్ నింపేస్తారు, లైటు ఆరిపోతుంది. ఆ లైటు చెప్పబోయిన సంగతి అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు బయటి లీకు. ఎక్కడ వెతుకుతారు? "చక్రాల దగ్గర." కరెక్టే. కానీ ఎట్లా వెతుకుతారు? టైరు లోపలి వైపు తడి లేదు కాబట్టి లీకు లేదు అంటారా? ఒక పాత వ్యాను సంగతి చెప్తా, హాలియా వైపునుంచి వచ్చింది. అంతకుముందే వేరేచోట మళ్ళీమళ్ళీ గాలి తీశారు, వారం బాగుంటుంది, మళ్ళీ మెత్తబడుతుంది. బయట ఎక్కడా తడి లేదు. వెనక డ్రమ్ములు విప్పితే, లోపలినుంచి డ్రమ్ముకు ఆనుకుని చక్రాన్ని ఆపే షూలు కూడా పొడిగానే ఉన్నాయి. ఆ షూలను తోసే వీల్ సిలిండర్ చివర దుమ్ము పడకుండా రబ్బరు టోపీ ఉంటుంది కదా, దాన్ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపితే లోపలినుంచి నల్లటి ఆయిల్ కారింది. కప్పు దాటిన ఆయిల్ ఆ టోపీలో నిలబడి ఉంది. ఇంకొన్నాళ్ళయితే షూల మీద పడేది. షూ మీద ఆయిల్ పడితే ఒక చక్రం పట్టదు, బండి పక్కకు లాగుతుంది. కాబట్టి డ్రమ్ము విప్పాక ఊరికే చూసి మూయకండి. నాలుగు టోపీలూ లేపి చూడాలి. లోపల కొంచెం చెమ్మ ఉంటే ఉండనీయండి, కారితే మాత్రం వదలకండి.

ఇంకో దొంగ జాగా ఉంది. మాస్టర్ సిలిండర్ వెనక, అది బూస్టర్‌కు ఆనుకునే చోట. వెనక సీలు పోతే ఆయిల్ కింద పడదు, బూస్టర్ లోపలికి పోతుంది. డబ్బా ఖాళీ అవుతుంటుంది, బండి కింద చుక్క కనబడదు. రెండు నట్లు వదులు చేసి మాస్టర్ సిలిండర్ కొంచెం ముందుకు లాగి చూడండి. పైపులు వంచకుండా లాగాలి. అక్కడ తడి ఉంటే దొరికినట్టే. బూస్టర్ లేని పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఉండేది, బురదా దుమ్మూ దాని మీదే. వాటిల్లో చాలావాటికి ఒకటే లైను. ఒక్క చక్రం దగ్గర పైపు పోతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. తర్వాత వచ్చిన బండ్లలో మాస్టర్ సిలిండర్ రెండు భాగాలు, ఒకటి పోయినా రెండోది కొంత బ్రేకు ఇస్తుంది. పెడల్ మాత్రం చాలా కిందికి పోయాకే పడుతుంది. అట్లా ఉన్నట్టుండి ఒక్కరోజులో సగానికి దిగితే ఒక లైను పోయిందని అర్థం. "ఇంకా పడుతోంది కదా" అని నడపకూడదు.

ఇప్పుడు రెండో రకానికి వస్తా. మొదటిసారి తొక్కితే కిందికి పోతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వచ్చి రాయిలాగా నిలబడుతుంది. పట్టుకుంటే జారదు. ఇది గాలి కాదు. గాలి ఉంటే రెండుమూడుసార్లు తొక్కాక పైకి వచ్చినా, పైన కూడా స్పాంజిలాగే ఉంటుంది. పైన గట్టిగా ఉందంటే లైను బాగుంది, వెనక షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువైంది. మొదటి తొక్కుడంతా ఆ ఎడం నింపడానికే పోతోంది. దీనికి ఎన్నిసార్లు గాలి తీసినా లాభం లేదు. మన షెడ్లలో ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

దీన్ని తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. హ్యాండ్ బ్రేక్ కొంచెం లాగి పెట్టి పెడల్ తొక్కండి. అప్పుడు పెడల్ పైనే పట్టుకుంటే వెనక షూల అడ్జస్ట్‌మెంట్ పోయిందని తేలిపోయింది. ఎందుకంటే హ్యాండ్ బ్రేక్ ఆ షూలను డ్రమ్ము దగ్గరికి ముందే తీసుకుపోయింది. హ్యాండ్ బ్రేక్ వెనక షూలను పనిచేయించే బండ్లకే ఈ పరీక్ష. కొన్ని పాత జీపులకు హ్యాండ్ బ్రేక్, చక్రాలకు ఇంజన్ బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటుంది, వాటికి పనికిరాదు.

అడ్జస్ట్‌మెంట్ ఎందుకు పోతుంది? దానంతటదే సరిచేసుకునే అడ్జస్టర్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. పొలాల బాటల దుమ్ము, వానాకాలం బురద, తుప్పు కలిసి అది బిగుసుకుపోతుంది. విప్పి, తుప్పు తీసి, గ్రీజు పల్చగా రాసి, చేత్తో తిరిగేటట్టు చేయాలి. చక్రం పట్టేదాకా బిగించి, ఫ్రీగా తిరిగేదాకా వెనక్కి వదలాలి. అప్పటికీ పెడల్ పైకి రాకపోతే డ్రమ్ము కొలవండి. ఎంతవరకు అరగొచ్చో మిల్లీమీటర్లలో చాలా డ్రమ్ముల మీదే ఉంటుంది. లేత్ మీద మళ్ళీమళ్ళీ కోయించిన డ్రమ్ము ఆ కొలత దాటిపోయి ఉంటుంది, దానికి షూల మీద కొత్త లైనర్లు వేసినా షూ వంపు కలవదు. ముందు చక్రాల బేరింగ్ ఆట కూడా చూడండి. చక్రం ఊగితే డిస్కు ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, మళ్ళీ మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది.

చక్రాల దగ్గర ఆయిల్ పోయే మెత్తటి హోస్ పైపుల గురించి త్వరగా చెప్తా. పాత రబ్బరు హోస్ ఉబ్బుతుంది. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు హోస్ చేత్తో పట్టుకోండి, ఉబ్బితే వేళ్ళకే తెలుస్తుంది. పైన పగుళ్ళు కనబడితే ఇక పరీక్ష అక్కర్లేదు, మార్చేయండి.

హోస్‌లు మంచివే అయితే ఇంకో పని చేయొచ్చు. హోస్ నొక్కే క్లాంపులు గుండ్రటి దవడలవి దొరుకుతాయి. ప్లయర్‌తో నొక్కకండి, లోపలి పొర తెగుతుంది. అన్ని హోస్‌లూ క్లాంపు పెట్టి తొక్కండి. పెడల్ పైన గట్టిగా నిలబడితే మాస్టర్ సిలిండర్ మంచిదే. అప్పుడు ఒక్కో క్లాంపు తీస్తూ తొక్కండి. ఏది తీయగానే పెడల్ కిందికి పోయిందో జబ్బు ఆ చక్రం దగ్గర ఉంది. అన్నీ మూసినా మెత్తగానే ఉంటే పైనే ఉంది.

ఇప్పుడు ఘాట్ సంగతి. ఇక్కడ దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయే డ్రైవర్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మన్ననూరు దాటి అడవిలో పోతున్నంతసేపు బ్రేకు బాగానే ఉంటుంది. ఈగలపెంట నుంచి డ్యామ్ కింది బ్రిడ్జి దాకా ఆ మలుపులన్నీ బ్రేకు మీద కాలు పెట్టి దిగితే, కిందికి వచ్చేసరికి పెడల్ మెత్తబడుతుంది. కాసేపు ఆపి చల్లారాక చూస్తే మళ్ళీ గట్టిగా ఉంటుంది. షెడ్డుకు తెస్తే మెకానిక్‌కు ఏమీ దొరకదు. ఎందుకు?

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని రకం రాసి ఉంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. అదే ఆయిల్ నూటికి 3.7 పాళ్ళ నీరు పట్టిందనుకోండి, డాట్ 3కి ఆ హద్దు 140కి పడిపోతుంది, డాట్ 4కి 155. పడిపోవడం ఎంతో చూశారా? ఘాట్‌లో డ్రమ్ము, డిస్కు వేడి ఆయిల్‌కు ఎక్కుతుంది, ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ ఫ్లోరుకు తగులుతుంది. చల్లారగానే ఆవిరి మళ్ళీ ఆయిల్ అయిపోతుంది, ఆనవాలు ఉండదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు అడవిలోకి నిండా జనంతో పోయే పాత జీపులు చూస్తే నాకు ఇదే గుర్తుకొస్తుంది. అందులో ఆయిల్ ఎప్పుడు మార్చారో ఓనర్‌కు కూడా తెలియదు.

మామూలుగా రెండేళ్ళకోసారి మార్చాలి. మూత తీసి పెట్టిన పాత సీసా వాడొద్దు, చిన్న సీసా కొనుక్కోండి. గాలి తీసేటప్పుడు బయటికి వచ్చిన ఆయిల్‌ను మళ్ళీ డబ్బాలో పోయొద్దు. డాట్ 3, డాట్ 4 కలిసినా నష్టం లేదు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, దాన్ని వీటితో కలపకూడదు. ఇక ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. పెద్దవాళ్ళు చెప్పిన మాటే, ఇంజన్ పట్టుకుంటే బ్రేకు వేడెక్కదు.

ఇంకొకటి ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. బ్రేక్ ఆయిల్ దొరకలేదని ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోసేవాళ్ళున్నారు. అట్లాంటి మినరల్ ఆయిల్, అంటే పెట్రోలియం నుంచి తీసిన ఆయిల్, తగిలితే ఈ బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఉబ్బిన కప్పు దారి మూసేస్తుంది, బ్రేకులు పట్టేస్తాయి, తర్వాత చిరిగిపోతుంది. అనుమానం ఉంటే డబ్బాలోంచి కొంచెం తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. సరైన బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. మినరల్ ఆయిల్ పైన తేలుతుంది. తేలిందంటే ఆయిల్ మార్చి ఊరుకుంటే కుదరదు, లైనంతా కడిగి కప్పులు, సీళ్ళు, హోస్‌లు అన్నీ కొత్తవి వేయాలి. ఖర్చు అవుతుంది. వేరే దారి లేదు.

జబ్బు దొరికింది, బాగు చేశారు. ఇప్పుడు గాలి తీయండి. ఇప్పుడే తీయాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం ముందు. మన బండ్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఎడమ వెనక చక్రం, తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, ఆఖరుకు కుడి ముందు. బండి పుస్తకంలో వేరే వరుస ఉంటే పుస్తకం చెప్పిందే చేయండి. లోడును బట్టి వెనక బ్రేకు తగ్గించే వాల్వు కొన్ని పికప్పుల్లో, వ్యాన్లలో ఉంటుంది. జాకీ మీద లేపి చక్రాలు వేలాడేస్తే ఆ వాల్వు బండి ఖాళీ అనుకుని వెనకకు దారి తగ్గిస్తుంది, గాలి సరిగా రాదు. చక్రాలు నేల మీద ఉంచి తీయండి. డిస్కు మీద ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ విప్పి వేసినప్పుడు నిప్పల్ పైకే ఉందా చూడండి. కుడిది ఎడమకు వేస్తే నిప్పల్ కిందికి వస్తుంది, పైన గాలి ఉండిపోతుంది, రోజంతా తీసినా రాదు.

పెడల్ తొక్కే తమ్ముడికి ఒక మాట. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో ఫ్లోరుకు తగిలేదాకా తొక్కకు. రోజూ కప్పు తిరిగేంత మేర సిలిండర్ గోడ నున్నగా ఉంటుంది. దాని ముందు ఏళ్ళతరబడి కప్పు పోని జాగాలో తుప్పు, మడ్డి ఉంటాయి. ఫ్లోరుదాకా తొక్కితే కప్పు అక్కడికి పోయి చిరుగుతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్‌ను గాలి తీసే పనిలోనే పోగొట్టుకుంటాం. పెడల్ కింద ఒక కర్రముక్క పెట్టుకోండి. కిందున్న మనిషి "బిగించాను" అన్నాకే కాలు తీయాలి, ముందే తీస్తే వదిలిన నిప్పల్ గాలి పీలుస్తుంది. డబ్బాలో ఆయిల్ మధ్యమధ్యలో చూస్తూ ఉండండి. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్ళతో కడిగేయండి.

దారిలో పెడల్ పోతే ఏం చేయాలన్నా అని ఇందాక ఒక డ్రైవర్ అడిగారు. ఆగకుండా గబగబా తొక్కండి, ఏ కొంచెమైనా పైకి రావచ్చు. గేరు ఒక్కొక్కటి దించండి. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా లాగండి, ఒక్కసారే లాగితే వెనక చక్రాలు జారతాయి. తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపకండి. బూస్టర్ సాయం పోతుంది, కొన్ని బండ్లలో స్టీరింగ్ లాకయ్యే ప్రమాదం కూడా ఉంది. ఆగాక "మెల్లగా పోనిస్తా" అని మళ్ళీ ఎక్కొద్దు, తాడు కట్టి లాగొద్దు, ఇంకో బండి మీద ఎక్కించి తెప్పించండి.

ఏంటమ్మా? చెప్పు. మాస్టర్ సిలిండర్‌కు కిట్టు, అంటే కొత్త రబ్బర్ల సెట్టు, వేస్తే సరిపోదా, మొత్తం మార్చాలా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. విప్పాక సిలిండర్ లోపల శుభ్రంగా తుడిచి, టార్చి వేసి చూడు, వేలు పెట్టి తడిమి చూడు. నున్నగా ఉంటే కిట్టు వేసుకోవచ్చు. గుంటలు తగిలితే, గీతలు పడి ఉంటే కొత్త కప్పు కూడా ఆ గుంటల మీద తిరిగి త్వరలోనే పోతుంది. అప్పుడు మొత్తం మార్చాల్సిందే. ఓనర్ ఒప్పుకోకపోతే ఆయన్ని పిలిచి వేలు పెట్టించు, ఆయనకే తెలుస్తుంది. కొత్తది బిగించేముందు బల్ల మీదే ఆయిల్ పోసి, పిస్టన్ మెల్లగా నొక్కి, బుడగలు రావడం ఆగాక బండికి ఎక్కించండి.

బయట ఒక పాత జీపు పెట్టించాం, వెనక డ్రమ్ములు ఇంకా విప్పలేదు. మెకానిక్ తమ్ముళ్ళు ముందు రండి, ఒక్కొక్కరు పెడల్ తొక్కి జబ్బేంటో నాకు చెప్పాలి. తర్వాతే విప్పుదాం.